అన్నీ నరాలేనా?

సంపాదక మహాశయులకు,

సెలైన్ పెట్టేటప్పుడు ‘నరం దొరకలేదు’ అంటాం. సూది గుచ్చేది నరానికి కాదు, సిరకు, అంటే రక్తనాళానికి. మణికట్టు దగ్గర, బొటనవేలి కింద చూసే ‘నాడి’ ధమని అనే మరో రకం రక్తనాళం కొట్టుకోవడం. పాఠ్యపుస్తకంలో నాడి అంటే మాత్రం నరమే! పిల్లలు తికమకపడరా మరి?

మాటతో పోయేదైతే ఫర్వాలేదు. మూతి వంకరపోయి, ఒకవైపు చెయ్యి పడిపోతే ‘నరం పట్టింది’ అని తైలం రాస్తూ కూర్చుంటారు. పక్షవాతమైతే మెదడు రక్తనాళం పూడుకుపోయి ఉండొచ్చు, చిట్లి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందో స్కానింగే తేల్చాలి. నాళం పూడుకుపోతే, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేది సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే.

మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బాధితుల కాళ్లు బిగుసుకుపోవడాన్నీ ‘నరాల బలహీనత’ అనేస్తున్నారు. నిజానికి ఫ్లోరైడ్ వల్ల వెన్నుపూసల ఎముక మందమై, లోపలి సందు ఇరుకై వెన్నుపామును నొక్కుతుంది. బలం గోలీలు ఆ ఒత్తిడిని తీయలేవు.

– ఒక పాఠకుడు, నల్లగొండ