చిన్నీ, నువ్వు వెనకబడిపోవట్లేదు

చిన్నీ,

నీ ఉత్తరం చేరింది. పేజీన్నర కుండ గురించి రాసి, చివర్లో చిన్న చిన్న అక్షరాలతో "నాన్నా, కార్తీక్ వాళ్ళ స్కూల్లో అప్పుడే ఐఐటీ ఫౌండేషన్ మొదలెట్టారట, వాడు ఎనిమిదిలోనే పదో తరగతి లెక్కలు చేస్తున్నాడట, నేను వెనకబడిపోతానా?" అని అడిగావు. ఫోన్లో చెప్పెయ్యండి అంది అమ్మ. కానీ మనకి ఫోన్లో దొరికే ఆ కాస్త టైములో నువ్వు తిన్నావా, దగ్గు తగ్గిందా అనేవాటికే సరిపోతుంది, అందుకని కూర్చుని రాస్తున్నాను.

వెనకబడిపోవు. ముందు అది చెప్పేస్తే నీ టెన్షన్ కొంత తగ్గుతుంది.

నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను కదా, నీ వయసులోనే ఫౌండేషన్ మొదలుపెట్టి నా క్లాసుకి వచ్చేవాళ్ళని ఏటా చూస్తూనే ఉంటాను. మంచి పిల్లలమ్మా, పాపం చాలా కష్టపడతారు. తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడితే రాత్రి పడుకునేదాకా అదే పని. ఫార్ములా అడిగితే నోటి చివర ఉంటుంది. అదే, మన మేడ మీద ట్యాంకులో నీళ్ళు ఎన్ని రోజులొస్తాయో ఉజ్జాయింపుగా చెప్పండ్రా అంటే మాత్రం, సార్ ఇది సిలబస్‌లో ఉందా అంటారు. తెలివి లేక కాదు, ఇన్నేళ్ళలో ఎవరూ వాళ్ళని ఒక వస్తువు దగ్గరికి తీసుకెళ్ళి కొలిచి చూడమనలేదు. ఇంకొకటి నన్ను బాగా బాధపెట్టేది, పక్క మంచం మీద పడుకునేవాడిది ఏ ఊరో తెలియదు, వాడి ర్యాంకు ఎంతో మాత్రం తెలుసు.

ఇక నీ కుండ సంగతి. మట్టి సారె మీద నిలవట్లేదని, చాలాసార్లు కూలిపోయిందని, పై క్లాసు అక్క వెనక నుంచి నీ చేతుల మీద చేతులు వేసి పట్టుకుంటే అప్పుడు నిలిచిందని రాశావు. అది చదివి నాకెంత సంతోషమేసిందో. మట్టిలో నీళ్ళు ఎక్కువయ్యాయని నీకు ఎవరూ మార్కులు వేసి చెప్పలేదు, నీ వేళ్ళకే తెలిసింది. ఇంకా బాగా నచ్చింది ఏంటంటే, సరిగ్గా ఆరకుండా, కుండలు కాల్చే ఆములో పెడితే కుండ పేలిపోతుందని, దాని పెంకులు తగిలి పక్కవాళ్ళ కుండలూ పగులుతాయని, అందుకే తొందరపడకుండా ఆరనిచ్చానని రాశావు చూడు, అది. నీ పని నువ్వు సరిగ్గా చెయ్యకపోతే నష్టం పక్కవాళ్ళకి కూడా అని నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా అది మాటే అవుతుంది. అక్కడ నువ్వు దాన్ని చేత్తో పట్టుకున్నావు.

మేము నిన్ను ఇంతదూరం, మదనపల్లె దాకా, రిషి వ్యాలీ హాస్టల్ స్కూలుకి పంపింది ఇందుకే. కొండలు బాగున్నాయనో, పేరున్న స్కూలనో కాదు. చేత్తో చేసే పనీ, కలిసి బతకడమూ అక్కడ రెండు వేరు వేరు పీరియడ్లు కావు.

ఆ లోయనే తీసుకో. అది కరువు సీమ, వానలు తక్కువ. 1926లో తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారి ఆలోచనతో ఆ బడికి పునాది పడినప్పుడు ఇప్పుడు నువ్వు చూస్తున్న పచ్చదనం లేదు. తరవాత ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు, టీచర్లు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొక్కలు నాటారు, ఊట చెరువులు తవ్వారు, కొండల మీద మేత తగ్గించి చెట్లని ఎదగనిచ్చారు. చెట్లొచ్చాక పిట్టలొచ్చాయి. 1991లో ఆ లోయని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. గొంతు దగ్గర పసుపు రంగుండే పికిలిపిట్ట దక్షిణాదిలో ఇలాంటి రాతికొండల్లోనే ఉంటుంది, అంత తేలిగ్గా ఎక్కడపడితే అక్కడ కనపడదు, నువ్వు చూస్తే నాకు వెంటనే రాయాలి. మొక్క నాటిన పిల్లలు ఆ నీడలో కూర్చుని ఉండరు. నువ్వు కూర్చుంటున్నావు.

కృష్ణమూర్తి గారు పుట్టింది మదనపల్లెలోనే, 1895లో. చిన్నప్పుడు బళ్ళో మందబుద్ధి అనిపించుకుని దెబ్బలు తిన్న పిల్లాడాయన. పెద్దయ్యాక ఒకరితో ఒకర్ని పోల్చడమే పిల్లల మీద చేసే హింస అని జీవితమంతా చెప్పారు. మీ స్కూల్లో ర్యాంకులు, ప్రైజులు లేనిది అందుకే. కాబట్టి కార్తీక్‌తో పోల్చుకునే అలవాటు నీకు అక్కడ రాలేదు, మన ఇంటి నుంచే వచ్చింది, పండక్కి అందరం చేరినప్పుడు బాబాయిలు, అత్తయ్యలు మాట్లాడుకునేవి నీ చెవిన పడి ఉంటాయి. వాటిని పట్టించుకోకు. కార్తీక్ మీద కోపం కూడా వద్దు, వాడు మంచివాడు, సెలవుల్లో వాడిని కూర్చోబెట్టి పిట్టల పేర్లు చెప్పు.

రూమ్‌మేట్‌తో గొడవ గురించి రెండు లైన్లే రాశావు. ఇంట్లో అయితే నీ గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదానివి. అక్కడ సాయంత్రం అదే అమ్మాయితో జానపద నృత్యంలో చెయ్యి కలపాలి, అస్తాచల్‌లో పొద్దుగుంకేదాకా మాట్లాడకుండా దగ్గర దగ్గరే కూర్చోవాలి, రాత్రి భోజనాల హాల్లో ఒకే బల్ల. టీచర్లు కూడా మీ మధ్యే ఉంటారు, మీ ముఖం చూసి కనిపెట్టేస్తారు. కష్టమే, కానీ రాజీ పడటం నేర్పే పాఠం ఇంతకంటే ఇంకేం ఉంటుంది. ముందు నువ్వే వెళ్ళి పలకరించు.

ఒక విషయం మాత్రం నువ్వు మర్చిపోకూడదు. ఈ చదువుకి మేం కట్టే ఫీజు మా జీతాలకి పెద్దదే, చాలామందికి అసలు అందనిది. గేటు దాటితే కూలికి వెళ్ళే ఇళ్ళ పిల్లలున్నారు. మీ స్కూలు వాళ్ళు 1980ల చివర్లో ఆ పల్లెల్లో చిన్న చిన్న బడులు మొదలుపెట్టారు, రివర్ అంటారే అదే. ఒక గది, ఒక టీచరు, అన్ని తరగతుల పిల్లలూ కలిసి కూర్చుంటారు. పాఠ్యపుస్తకం బదులు బొమ్మల గుర్తులున్న కార్డులు, గోడ మీద నిచ్చెనలా మెట్లు మెట్లుగా చార్టు. ఎవరు ఏ మెట్టు మీదుంటే ఆ కార్డు వాళ్ళే తీసుకుంటారు, జ్వరమొచ్చి వారం మానేసినా, పొలం పనికి వెళ్ళొచ్చినా, ఆగిన చోటి నుంచే అందుకుంటారు. వెనకబడటం అన్న భయమే ఉండదు. 1995లో మైసూరు జిల్లా టీచర్లు వచ్చి ఇది చూసి వెళ్ళి కర్ణాటకలో 'నలి కలి' పేరుతో ఇలాంటి చదువే మొదలుపెట్టారు, తరవాత చెన్నై కార్పొరేషన్ బడులకీ ఈ పద్ధతి వెళ్ళింది. లక్షలమంది సర్కారు బడి పిల్లలకి చేరిన చదువు మీ లోయలోని గదుల్లో పుట్టింది. లెక్కల టీచరుగా నాకు అది చాలా గొప్ప సంగతి.

పదో తరగతి ఐసీఎస్‌ఈ అయ్యాక ఇంజనీరింగ్ వైపు వెళ్ళాలనిపిస్తే వెళ్దువుగాని, పదకొండు, పన్నెండు (ఐఎస్‌సీ) అక్కడే చదువుతావో, ఎంపీసీకి ఇక్కడికొస్తావో అప్పుడు ముగ్గురం కూర్చుని అనుకుందాం, లెక్కలు నేను దగ్గరుండి చెప్తాను. ఇప్పట్నుంచి దాని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

దసరాకి నిన్ను తీసుకెళ్ళడానికి ఒకరోజు ముందే వస్తాం. ఆ పల్లె బళ్ళలో ఒకటి చూడనిస్తారేమో మీ టీచరు గారిని అడిగి ఉంచు, అమ్మ కూడా చూస్తానంటోంది. స్వెట్టర్, కొత్త చెప్పులు పార్సిల్ చేశాను, చెప్పులు బిగుతుగా ఉంటే చెప్పు.

నాన్న