నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించిన వారికి

పేరు రాయలేదు కాబట్టి ఇలా బహిరంగంగానే థ్యాంక్స్ చెబుతున్నాం. అమెరికాలోని షార్లెట్‌లో చదువుకోడానికి దిగే మన పిల్లల కోసం బ్లూ లైన్ రైలు గురించి మీరు తెలుగులో రాసిపెట్టిన ఆ ఒక్క పేజీ, జూనియర్లకు మేం పంపే పెద్ద పెద్ద మెసేజ్‌ల కన్నా బాగా పనిచేస్తోంది.

అందులో అన్నిటికన్నా విలువైనది "యూనివర్సిటీ అన్న మాట వినగానే దిగొద్దు" అన్న వాక్యం. యూనివర్సిటీ సిటీ బొలెవార్డ్ స్టేషన్ క్యాంపస్ కాదు. దాని తర్వాత మెక్‌కలా, జేడబ్ల్యూ క్లే, ఆఖరున క్యాంపస్ స్టేషన్ యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా) షార్లెట్ మెయిన్. 2018 మార్చిలో లైను పొడిగించినప్పటి నుంచీ రైలు అక్కడే ఆగిపోతుంది కాబట్టి, చివరిదాకా కూర్చుంటే చాలు.

ఎయిర్‌పోర్టుకు ఈ రైలు వెళ్లదని పెద్ద అక్షరాల్లో రాయడం ఇంకా మంచి పని. 5వ నంబర్ స్ప్రింటర్ బస్సులో డౌన్‌టౌన్‌కు వచ్చి, సీటీసీ (షార్లెట్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్) స్టేషన్‌లో రైలెక్కాలి. ప్లాట్‌ఫారం రోడ్డు కన్నా ఎత్తులో ఉంటుంది. పెట్టెలు మోయక్కర్లేదు, లిఫ్టు ఉంది.

గేట్లు లేవు కదా అని టికెట్ లేకుండా ఎక్కేస్తారు. తనిఖీ రైల్లో జరుగుతుంది, దొరికితే జరిమానా. స్టూడెంట్ పాస్ చేతికి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో కొనాల్సిందే.

ఒక్కటి కలపండి: కారు పెట్టి రైలెక్కేవాళ్లు జేడబ్ల్యూ క్లే దగ్గరికి వెళ్లాలి, పార్కింగ్ డెక్ అక్కడుంది. మెయిన్ దగ్గర ప్రయాణికుల పార్కింగ్ లేదు.