ముందు ఆ స్ట్రిప్పు పక్కన పడెయ్యవే

ఒసేయ్ రాజీ,

ఇన్నాళ్ళకా రాయడం అని మూతి ముడవకు, తప్పంతా నాదే, తర్వాత తీరిగ్గా తిట్టుకుందువుగాని. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్ళు మామూలే, పిల్లాడికి పరీక్షలు. అంతే. నడుం నొప్పికని కొన్నానంటూ నువ్వు పంపిన ఆ మాత్రల ఫోటో చూసిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబుదామంటే రెండు నిమిషాల్లో నవ్వులాటలోకి దింపేస్తావు. అందుకే కాగితం.

ఆ స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదివావా? ఎసిక్లోఫెనాక్ 100, థయోకాల్చికోసైడ్ 4. నడుం పట్టేసిందంటే మందుల షాపుల్లో చాలాచోట్ల చేతిలో పెట్టేది ఇదే. వాళ్ళకేం తెలుసు నీకు రెండో నెలని? మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదని మీ అత్తగారి ఆర్డరు! దిష్టి సంగతి దేవుడెరుగు గానీ, మందులమ్మేవాళ్ళకీ ఎక్స్‌రే తీసేవాళ్ళకీ ఫిజియోథెరపీలో నడుముకి కరెంటు పెట్టేవాళ్ళకీ మాత్రం మొదటి మాటే అది చెప్పాలి.

ఆ థయోకాల్చికోసైడ్ ఉందే, కండరాలు వదులు చెయ్యడానికిస్తారు. అది ఒంట్లో విరిగి తయారయ్యే పదార్థం, కణాలు విడిపోయేటప్పుడు క్రోమోజోముల లెక్క తప్పించగలదని తేలి, గర్భిణులకి ఇవ్వనే కూడదని ఐరోపా మందుల సంస్థ 2013లో చెప్పింది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఈ నొప్పి మందులన్నీ ఒకే తాను గుడ్డలు. మొదటి నెలల్లో అబార్షన్ భయం ఉందేమోనన్న అనుమానం ఒకటి, 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాల మీద పడి ఉమ్మనీరు తగ్గడం ఇంకొకటి. కాంబిఫ్లామ్‌లోనూ ఐబుప్రోఫెన్ 400 ఉంది, "అది మామూలుదేగా" అనకు. ఇప్పటికే ఒకటి వేసేసుకున్నావా? గుండెలు బాదుకోకు, ఒక్క మాత్రకి కొంపలంటుకోవు. ఎప్పుడు వేసుకున్నావో రాసిపెట్టుకుని మీ డాక్టరమ్మకి చెప్పు, అంతే.

నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్. ఒట్టిది, ఇంకేదీ కలవనిది. 500 గానీ 650 గానీ ఒకటి, మళ్ళీ కావాలంటే ఆరు గంటలు ఆగి. డాక్టరుని అడక్కుండా రోజుకి మూడు దాటొద్దు, రెండు మూడు రోజులకి మించి లాగొద్దు. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, చూసుకో, లేకపోతే డోసు రెట్టింపవుతుంది. ఒకవేళ డాక్టరే ఆస్పిరిన్ 75 గానీ 150 గానీ రోజూ వెయ్యమని ఉంటే, నా ఉత్తరం చదివి అది మానెయ్యకు తల్లీ. దాని లెక్క వేరు.

పైపూతలతో కూడా జాగ్రత్త. వోలినీలో డైక్లోఫెనాక్ ఉంది. ఘాటుగా వాసనొచ్చే బామ్‌లు చాలావాటిలో మిథైల్ సాలిసిలేట్, ఆస్పిరిన్‌కి చుట్టమే. చర్మంలోంచి కొంత లోపలికి పోతుంది, అందుకని అడక్కుండా రుద్దకు.

"పొట్టే రాలేదు, అప్పుడే నడుం నొప్పా" అందట కదా మీ ఆడపడుచు. నిజమే, 12 వారాల దాకా గర్భసంచి కటి ఎముకల మధ్యే ఉంటుంది, బరువు కాదు కారణం. ప్రొజెస్టరాన్, రిలాక్సిన్ అనే హార్మోన్లు కలిసి కీళ్ళని పట్టి ఉంచే లిగమెంట్లని వదులు చేస్తాయి. ఈ రిలాక్సిన్ ఎక్కువగా ఉండేది మొదటి మూడు నెలల చివర్లోనే. పట్టు తప్పిన కీలుని కాపాడ్డానికి నడుం కండరాలు బిగుసుకుంటాయి. దానికి తోడు ప్రొజెస్టరాన్ పేగుల్ని కూడా మందగింపజేస్తుంది, మలబద్ధకం, అక్కడ ముక్కితే నడుం మీదే భారం. పొద్దున్నే వంగి వాంతి చేసుకుంటావు చూడు, అప్పుడూ అంతే. ఓ చెయ్యి గోడకో బేసిన్‌కో ఆనించి మోకాళ్ళు కాస్త వంచి కక్కు. (ఎంత ప్రేమగా రాస్తున్నానో చూశావా.)

ఇప్పుడు మంచం మీంచి లేవడం. నువ్వెలా లేస్తావో నాకు తెలుసు, హాస్టల్లో బెల్లు కొట్టగానే స్ప్రింగులా! ఇక అది బంద్. వెల్లకిలా ఉన్నప్పుడు ముందు రెండు మోకాళ్ళూ వంచి పాదాలు పరుపుకి ఆనించు. మోకాళ్ళు దగ్గరగా పెట్టి భుజం, తుంటి, మోకాలు మూడూ ఒకేసారి పక్కకి తిప్పు. నడుం ఒక్కటే మెలి తిరిగితే కలుక్కుమనేది అక్కడే. తర్వాత కాళ్ళు మంచం కిందికి జార్చి, అదే సమయంలో పైచేత్తో పరుపుని నెట్టి, ఊపిరి వదులుతూ కూర్చో. కాసేపాగి నిలబడు, లేకపోతే కళ్ళు తిరుగుతాయి.

పడుకునేటప్పుడు పక్కకి తిరిగి కాళ్ళ మధ్య దిండు. మోకాళ్ళ మధ్య ఒక్కచోటే కాదు, చీలమండల దాకా ఆనాలి, లేకపోతే పైకాలు కిందికి జారి తుంటిని లాగుతుంది. ఎడమపక్కే పడుకోవాలని అప్పుడే మొదలెట్టారా? పక్కకే పడుకోమనేది 28 వారాలు దాటాక. ఇప్పుడు నీకు హాయిగా ఉన్నట్టు పడుకో.

వంటింట్లో గట్టు ముందు నిలబడేటప్పుడు ఓ కాలు చిన్న పీట మీద పెట్టు, కాసేపటికి కాలు మార్చు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను మీ ఆయన ఎత్తుతాడు. బకెట్ల పోటీలో కప్పు ఎప్పుడో నీకే ఇచ్చేశాంగా, మళ్ళీ నిరూపించక్కర్లేదు! ఆఫీసులో కుర్చీకి నడుం వంపు దగ్గర తువ్వాలు చుట్టి పెట్టుకో, అరగంటకోసారి లే. రోజంతా మంచమెక్కడం మాత్రం వద్దు, పడుకున్నకొద్దీ బిగుసుకుంటుంది. పది నిమిషాల నడక, రోజుకి మూడుసార్లు. చిన్న అడుగులు, పెంగ్విన్ సార్‌లా మాత్రం కాదు (రాస్తుంటేనే నవ్వొస్తోంది).

వ్యాయామం ఒక్కటి చాలు. చాప మీద నాలుగు కాళ్ళ మీద ఉన్నట్టు ఉండు, భుజాల కింద అరిచేతులు, తుంటి కింద మోకాళ్ళు. ఊపిరి వదులుతూ వీపు పైకి గుండ్రంగా లేపు, ఐదు అంకెలు లెక్కపెట్టి మళ్ళీ సమంగా తీసుకురా. సమంగా అంటే బల్లపరుపుగా, పొట్ట కిందికి వేలాడనివ్వకు. పదిసార్లు, పూటకోసారి. తిన్న వెంటనే చేస్తే వాంతే. రక్తపు చుక్క కనిపిస్తే ఇవన్నీ ఆపి డాక్టరు దగ్గరికి.

కాపడానికి రబ్బరు బ్యాగు మా తమ్ముడి చేత పంపుతున్నా. సలసల కాగేవి కాదు, చెయ్యి పట్టేంత వేడినీళ్ళు మూడింట రెండొంతులు పోసి, గాలి పిండేసి మూత బిగించు. తువ్వాల్లో చుట్టి నడుముకి పదిహేను నిమిషాలు. పొట్ట మీద వద్దు, పెట్టుకుని నిద్రపోవద్దు. ఒళ్ళంతా కాగిపోయే తొట్టి స్నానాలు, ఆవిరి గదులు కూడా ఇప్పుడు కాదు, మొదటి వారాల్లో ఒంటి వేడి మరీ పెరిగితే బిడ్డ వెన్నుకి మంచిది కాదు.

నువ్వు నూనె గోరువెచ్చగా చేసి పక్కకి తిరిగి పడుకుని మెల్లగా రాయించుకో, అది మంచిదే. ఆముదం తాగమంటే మాత్రం తాగకు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తొక్కించాలని మీ బాబాయిని పిలిపిస్తారేమో, ఆయన తొంభై కిలోల మనిషి, నమస్కారం పెట్టి కాఫీ ఇచ్చి పంపించెయ్.

ఇది నవ్వులాట కాదు, జాగ్రత్తగా చదువు. గర్భం లోపలే సరిగ్గా ఉందని తెలిపే స్కాన్ నీకింకా కాలేదు. పొత్తికడుపులో ఒక పక్కనే పొడిచినట్టు నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏదున్నా మాత్ర వెతక్కుండా 108కి ఫోన్ చెయ్యి. ట్యూబులో నిలిచిన గర్భానికి అవి గుర్తులు కావచ్చు. నడుం నొప్పి వచ్చి పోతూ, పొత్తికడుపులో మెలిపెడుతూ, రక్తం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రి. తొడల సందున తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా, మూత్రం రాకపోయినా, ఆగకపోయినా అప్పటికప్పుడే. ఇక చలిజ్వరం, మూత్రంలో మంట, పక్కటెముకల కింద డొక్కలో నొప్పి ఉంటే అది నడుం నొప్పే కాదు, ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కి ఉండొచ్చు. మూత్రం కల్చర్ పరీక్షకి ఇవ్వాలి, యాంటీబయాటిక్ మొదలెట్టకముందే ఇస్తే మంచిది, ఉదయం మొదటిది, మధ్యలో వచ్చేది పట్టి

అయ్యో, మా తమ్ముడు బస్సుకి టైమైపోయిందని గుమ్మంలో చెప్పులేసుకుని గొడవ. స్కాన్ తేదీ ఎప్పుడో ఈ రాత్రే మెసేజ్ పెట్టు.

నీ
సుధ