కన్సోల్ లోన్ గురించి

అమ్మలూ,

నిన్న ఫోన్లో, స్టూడియోకి కొత్త కన్సోల్ (గొంతులూ వాయిద్యాలూ కలిపే మిక్సింగ్ బల్ల) కోసం లోన్ తీసుకుంటానంటూ, "నాన్నా, దీన్ని స్టూడియో అని చెప్పుకోడానికే సిగ్గేస్తోంది, వచ్చేవన్నీ ప్రకటనలకి వాయిస్‌లూ, పుట్టినరోజు పాటలే" అన్నావు చూడు, అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ పెట్టేశాక సామ్ ఫిలిప్స్ గుర్తొచ్చాడు, నీలాగే చిన్న రికార్డింగ్ స్టూడియో నడిపినాయన.

1950 జనవరిలో ఆయన అమెరికాలోని మెంఫిస్‌లో, యూనియన్ అవెన్యూలో 706 నంబరు చోటు అద్దెకు తీసుకుని రికార్డింగ్ సర్వీస్ మొదలుపెట్టాడు. ఏదైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా రికార్డ్ చేస్తాం, అదీ ఆయన ప్రచారం. పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు, ఏది దొరికితే అది. రేడియో ఉద్యోగం కూడా వదల్లేదు, రెండూ మోయలేక 1951లో ఆస్పత్రి పాలయ్యాడు (ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోకు), ఆ ఏడాదే ఉద్యోగం మానేశాడు.

ఆ ఏడాది మార్చిలోనే ఐక్ టర్నర్ అనే సంగీతకారుడి బృందం పాట రికార్డ్ చేయడానికి వచ్చింది. దార్లో గిటార్ యాంప్లిఫయర్ దెబ్బతిని స్పీకర్ కోన్ (శబ్దం పుట్టించే కాగితపు గరాటు) చిరిగిపోయింది. ఇంకొకరైతే సెషన్ వాయిదా వేసేవాళ్ళు. ఈయన చిరుగులో కాగితాలు కుక్కి, ఆ గరగర శబ్దాన్ని అలాగే ఉంచేశాడు. ఈ రోజు అదే శబ్దం కోసం మీరు ప్లగిన్లు (కంప్యూటర్లో శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్లు) కొంటున్నారు!

మొదట్లో చేసిన టేపుల్ని వేరే కంపెనీలకి ఇచ్చేవాడు. పేరొచ్చాక గాయకులు కూడా ఆ కంపెనీల వెంటే వెళ్ళిపోతుంటే, 1952లో సన్ రికార్డ్స్ అని సొంత లేబుల్, అంటే రికార్డులు విడుదల చేసే కంపెనీ, పెట్టాడు. ప్రతిధ్వని కోసం పెద్ద హాలు లేదు కదా, రెండో టేప్ మెషీన్ పెట్టాడు. అందులో టేప్ మీద శబ్దం ఎక్కించే రికార్డ్ హెడ్‌కీ, దాన్ని తిరిగి వినిపించే ప్లేబ్యాక్ హెడ్‌కీ మధ్య ఉన్న చిన్న దూరం వల్ల గొంతు ఒక్క క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది, దాన్ని అసలు గొంతుతో కలిపేవాడు. అంతే, ఊరూరా చెప్పుకున్న సన్ ఎకో అదే.

అసలు చెప్పాలనుకున్నది ఇది. 1953లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు డబ్బు కట్టి, తన కోసమని రెండు పాటలు రికార్డ్ చేయించుకుని వెళ్ళాడు. నువ్వు చిరాకు పడుతున్న పుట్టినరోజు పాటల్లాంటి బేరమే. ఏడాది తర్వాత, 1954 జులైలో, సామ్ అతన్నే పిలిపించి మొదటి రికార్డ్ చేశాడు. ఆ కుర్రాడే తర్వాత ప్రపంచమంతా పేరు మోసిన గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ. 1955 నవంబరులో అతని కాంట్రాక్ట్‌ని ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డ్ కంపెనీకి 35 వేల డాలర్లకు అమ్మేశాడని ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు, నేను మాత్రం నవ్వను. అప్పుల్లో ఉన్న స్టూడియో నిలబడింది, కార్ల్ పెర్కిన్స్ లాంటి గాయకుల మీద పెట్టడానికి డబ్బొచ్చింది.

1960లో పెద్ద స్టూడియో కట్టుకున్నాడు. జనం టికెట్ కొని చూసేది మాత్రం ఇప్పటికీ ఆ పాత చిన్న గదినే.

అందుకని కన్సోల్ లోన్ ఈ ఏడాదికి ఆపు. ముందు తలుపు కింద సందు మూయాలి, పోయినసారి నువ్వు పంపిన ట్రాక్‌లో లిఫ్ట్ చప్పుడు రెండు చోట్ల పడింది, విన్నావా? ఆదివారం రబ్బరు పట్టీ పట్టుకుని వస్తా, కొలత తీసి ఉంచు.

నాన్న