నాయకుడా? ఏ పార్టీయన సారూ?

హన్మకొండ,
ఆదివారం రాత్రి

దోస్త్,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నా. పదకొండు నిమిషాలు మాట్లాడినవురా! ఫోన్లో జవాబు చెబితే మధ్యలో దూరి వాదన పెట్టుకుంటావని కాగితం తీశా. పైగా రెండేళ్లుగా "పరిశోధకుడు గమనించినది ఏమనగా" అని రాసీ రాసీ, "నేను" అనడమే మరిచిపోయా.

ముందు నువ్వడిగిన సంగతి, నాయకత్వం మీద పీహెచ్‌డీ ఎట్లా చేయాలన్నది. ఆ ఆన్‌లైన్ డాక్టరేట్‌కు పైసా కట్టకు. విదేశీ యూనివర్సిటీ పేరు, ఇక్కడి కంపెనీ యాప్, ఇంట్లో కూర్చుంటే పేరు ముందు 'డాక్టర్'. ఇట్లాంటి ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని ఉన్నత విద్యను చూసే కేంద్ర సంస్థలు యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబర్‌లోనే ప్రకటన ఇచ్చాయి. అమెరికాలో 'ఆర్గనైజేషనల్ లీడర్‌షిప్' పేరుతోనే పీహెచ్‌డీ, ఈడీడీ (విద్యారంగపు డాక్టరేట్) ఉన్న మాట నిజమే. మన దగ్గర మాత్రం మామూలుగా మేనేజ్‌మెంట్ విభాగంలో చేరి, నాయకత్వం మీద టాపిక్ మనమే ఎంచుకోవాలి. నేనూ అట్లనే చేరా.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేయొచ్చు. కానీ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తేవాలి. అవసరమైతే కోర్స్‌వర్క్‌కు, అంటే మొదట్లో చదవాల్సిన క్లాసులకు, వదులుతామని కూడా అందులో వాళ్లు రాసివ్వాలి. శనివారం సెలవడిగితేనే మీ మేనేజర్ మొహం మాడ్చుకుంటాడన్నావు కదా, ముందు ఆ సంతకం సంగతి చూసుకో. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. మొత్తానికి తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు, ఆ పైన బతిమాలుకుంటే ఇంకో రెండేళ్లు. నాకు మూడో ఏడు నడుస్తోంది. ఒక కాగితం మీద ఒక్క సంతకం కోసం పోయిన వేసవిలో పందొమ్మిది రోజులు తిరిగా. ఎవరిదో చెప్పను, నా థీసిస్ ఇంకా ఆ బల్ల మీదికే పోవాలి.

ఇక అసలు ముచ్చట.

నా టాపిక్ పల్లెల్లో ఆడవాళ్లు నడిపే పాల సంఘాల్లో నాయకత్వం. ఎందుకంటావా? మన హన్మకొండ అవతలి ముల్కనూరు నీకు తెలిసిందే. 1956లో విశ్వనాథరెడ్డి గారు అక్కడ రైతుల సహకార సంఘం పెట్టించారు. మనం ఇంటర్ చదివే రోజుల్లో, 2000లో, ఆడవాళ్ల పాల డెయిరీ కూడా మొదలైంది. ఆ డెయిరీ వాళ్ల స్వకృషి పాల ప్యాకెట్ చూసినప్పుడల్లా, దీన్ని పట్టుకొని నడిపేది ఎవరబ్బా అనిపించేది. అందుకే అటువైపు ఊళ్లలో చిన్న చిన్న పాల సంఘాలు ఎంచుకున్నా. తెల్లారక ముందే బండి తీసి హసన్‌పర్తి, ఎల్కతుర్తి దాటి పోవడం. ఒకసారి తెలివితక్కువగా సంక్రాంతి నాడు పోయా. సగం ఊరు కొత్తకొండ వీరన్న జాతరకు పోయింది. నేనూ జాతర చూసుకొని, చెరుకు గడలు కట్టుకొని ఇంటికొచ్చా.

మా సబ్జెక్టులో బర్న్స్ అని ఒకాయన 1978లో ఒక తేడా చెప్పాడు. పని చెయ్, జీతం తీసుకో అనే నాయకుడు ఒక రకం. మనిషి ఆలోచననే మార్చేవాడు ఇంకో రకం. 1985లో బాస్ అనే ఆయన (బాస్ ఆయన ఇంటిపేరు, నవ్వకు) దాన్ని కంపెనీల్లోకి తెచ్చాడు. అప్పటినుంచి ప్రపంచమంతా ప్రశ్నాపత్రాలు పట్టుకొని నాయకుల్ని కొలుస్తోంది. నేనూ ఒకటి తయారు చేసుకొని తెలుగులోకి మార్చా. దాన్ని ఇంగ్లీషు మూలం చూడనివాళ్లతో తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, అర్థం మారిందో లేదో రెండూ పోల్చాలి. నేను 'ఉత్సాహపరుస్తారు' అని రాస్తే, మా కొలీగ్ చేతిలో అది 'ఎంటర్‌టైన్ చేస్తారు' అయింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఊళ్లో తగిలింది. మొదటి ప్రశ్న "మీ నాయకుడు మీ మాట వింటారా?" ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసి, "నాయకుడా? ఏ పార్టీయన సారూ?" అంది. పక్కామె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వు. పోనీ 'అధ్యక్షురాలు' అని మార్చి, ఒక్కో ప్రశ్నకు మార్కులేయమంటే ఒకామె అన్నిటికీ ఐదు, ఇంకొకామె అన్నిటికీ నాలుగు. "మంచిగనే పెట్టుకో బిడ్డా, ఆమెకు పేరు రాని" అని నాకే సిఫారసు.

తమాషా ఏంటంటే కంప్యూటర్‌కు ఇదంతా బ్రహ్మాండంగా కనపడింది. జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసిగాయో చెప్పడానికి క్రాన్‌బాక్ ఆల్ఫా అని ఒక అంకె ఉంటుంది. 0.7 దాటితే సరే అంటారు. నాది 0.94! ఒక్కొక్కరు పైనుంచి కిందిదాకా ఒకే అంకె మీద గీత గీస్తే ఆల్ఫా పైకే పోతుంది మరి. మా గైడ్ సంబరపడ్డారు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర లేదు.

మళ్లీ వారం కాగితాలు సంచిలోనే ఉంచి ఒక్కటే అడిగా. "ఫ్యాట్ తక్కువొచ్చిందని లొల్లైతే ఎవరి దగ్గరికి పోతరు?"

"ఇంకెవల్ దగ్గరికి? ఆ పిల్ల దగ్గరికే."

వేరు వేరుగా అడిగినా అందరిదీ ఇదే మాట. ఆ పిల్ల అంటే పాలు మిషన్లో పెట్టి ఫ్యాట్, అంటే వెన్న శాతం, చూసే అమ్మాయి. ఇంటర్‌తో చదువు ఆపేసింది. కమిటీలో లేదు, నేను గీసుకున్న సంఘం చార్టులోనూ లేదు. మూడు పొద్దులు పక్కన కూర్చొని చూశా. రోజూ అందరికంటే ముందు వాళ్లమ్మ పాలే పోయిస్తుంది. వచ్చిన అంకె లైనుకంతా వినపడేటట్టు చదివి, అమ్మ పుస్తకంలో రాస్తుంది. ఒకరోజు వాళ్లమ్మ "మళ్లా చూడవే" అన్నది. ఆ పిల్ల తలెత్తకుండా "అందరికి ఒక్కపారేనమ్మా" అని గిన్నె కడుక్కున్నది. ఇంక వెనక ఒక్కరు నోరెత్తితే ఒట్టు. అధ్యక్షురాలే నాతో అన్నది, "సంతకం నాది గని సారూ, మాట ఆ పిల్లది."

ఉరుక్కుంటూ వచ్చి గైడ్‌కు చెప్పా. ఆయన కళ్లద్దాలు తీసి, "బాగుంది. ఈ అమ్మాయిని ఏ వేరియబుల్ కింద పెడతావు?" అన్నారు. వేరియబుల్ అంటే లెక్కలో కొలిచే అంశం. నేను మూడ్రోజులు అలిగా గానీ, ఆయన అడిగింది న్యాయమే. ఒక ఊళ్లో ఒక పిల్లను చూసి థీసిస్ రాయలేం కదా. ఇప్పుడు ప్రశ్నాపత్రంతో పాటు ఇంటర్వ్యూలు కూడా చేర్చి, మిగతా ఊళ్లలోనూ ఈ లొల్లి ప్రశ్నే అడగాలని నా ఆలోచన. వచ్చే నెల నా పరిశోధనను చూసే సలహా కమిటీ ముందు చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే ఇంకో ఏడాది బండి తోలుడే. ఇంట్లో ఈ సంగతి ఇంకా చెప్పలేదు, నువ్వు ఫోన్ చేసినప్పుడు నోరు జారకు.

నీతో ఒక పని ఉంది. ఇందులో ఇంకో కాగితం పెట్టా, పన్నెండు వాక్యాలు, అన్నీ తెలుగే. వాటిని ఇంగ్లీషులోకి రాసి పంపు. నన్ను ఏమీ అడగకు, గూగుల్‌ను అసలే అడగకు. ఏడో వాక్యం నీకు అర్థం కాకపోతే 'అర్థం కాలేదు' అని రాయి, నాకు అదే కావాలి. బుధవారం లోపల పంపితే దసరాకు వచ్చినప్పుడు చౌరస్తాలో బిర్యానీ నాది.

నీ
దోస్త్