కంచె లేని కొండల్లో

సంపాదకులకు,

న్యూజిలాండ్ జింకల వేటను మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పోల్చిన మీ ఆదివారం వ్యాసం చదివి మా ఆవిడ 'పాపం, మూగజీవాలు' అంది. మొన్న ఏప్రిల్‌లో అక్కడి క్రైస్ట్‌చర్చ్ నగరంలో అబ్బాయి దగ్గరున్నప్పుడు నేనూ అదే అన్నాను. వేటకెళ్తున్న వాడి స్నేహితుడి వెంట కొండల్లోకి వెళ్లాను. తుపాకీ ముట్టలేదు లెండి. మగ ఎర్రజింకలు ఎదకొచ్చి అరిచే కాలం అది. తెల్లవారుజామున ఆ అరుపుకి గుండె ఝల్లుమంది, ఆబోతు రంకె నయం. కంచె లేని అడవి, రెండు రోజులు తిరిగినా ఒక్కటీ దొరకలేదు. నా మోకాళ్లు మాత్రం పోయాయి.

ఆ దేశపు నేల మీద గబ్బిలాలు తప్ప సొంత క్షీరదాలు లేవు. ఈ జింకల్ని 19వ శతాబ్దంలో బ్రిటన్ నుంచి తెచ్చి వదిలారు. అవి అడవిని మేసేస్తుంటే 1930లో వాటికున్న రక్షణ ఎత్తేశారు. మీ వ్యాసంలో ఈ ముక్కే లేదు. కంచె వేసిన ఎస్టేట్లో కొమ్ముల కోసం డబ్బు కట్టి జింకని తుపాకీతో కాల్చడమంటారా, అది నాకూ నచ్చదు.

– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి