సముద్రం అడుగున మీథేన్: మూడు లెక్కలు, ఒకే వార్త

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర ధ్రువ సముద్రం అడుగున భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ‘బాంబు’లా ఉందనీ, నేడో రేపో పేలుతుందనీ ఏడాది రెండేళ్లకోసారి తెలుగు పత్రికల్లో వార్త వస్తుంటుంది. సముద్రం అడుగు నేలలో ఉన్న మీథేన్ ఎంత, అక్కడి నుంచి నీళ్లలోకి ఊరుతున్నది ఎంత, నీళ్లు దాటి గాలిలో కలుస్తున్నది ఎంత అనే మూడు లెక్కలూ అందులో ఒకే వాక్యంలో కలిసిపోతాయి. గోదాములో వడ్లు, మిల్లులో ఆడిన బియ్యం, కంచంలో అన్నం ఒకే తూకం కావని మిర్యాలగూడలో ఎవరిని అడిగినా చెబుతారు. మీథేన్ విషయంలో మాత్రం గోదాము అంకెనే కంచంలో వడ్డిస్తున్నారు.

ఈ పరిశోధనలో ఎక్కువగా వినిపించే పేరు రష్యా శాస్త్రవేత్త నటాలియా షకోవాది. ఇగోర్ సెమిలెటోవ్‌తో కలిసి ఆమె ఏళ్ల తరబడి కొలిచింది తూర్పు సైబీరియా ఒడ్డుకు ఆనుకుని ఉన్న సముద్రాన్ని. విస్తీర్ణం 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే, తెలంగాణ లాంటివి పద్దెనిమిది పడతాయి. సగటు లోతు మాత్రం 50 మీటర్లే. సుమారు 20 వేల ఏళ్ల కింద సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు గనుక ఆ తేడాను ఊహించుకోవడం మన జిల్లా వాళ్లకు కష్టం కాదు. అప్పట్లో అదంతా ఆరుబయట గడ్డకట్టిన నేల, అంటే పర్మాఫ్రాస్ట్. మంచు యుగం పోయాక సముద్రం దాని మీదికి ఎక్కింది.

అక్కడి గాలి ఏడాది సగటున సున్నాకు పది డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. సముద్రపు నీళ్లు ఎంత చల్లబడినా మైనస్ 1.8 దాటవు. కాబట్టి నీళ్లు ఎక్కిన రోజు నుంచే ఆ నేల వేడెక్కడం మొదలైంది. పైగా ఉప్పు లోపలికి దిగితే సున్నా కన్నా తక్కువలోనే మంచు కరుగుతుంది, కింది నుంచి భూమి వేడి తగులుతూనే ఉంటుంది. ఇప్పటి భూతాపం వేల ఏళ్లుగా సాగుతున్న ఈ కరుగుదలకు తోడైంది, దానికి మొదలు కాదు. 1980ల తొలినాళ్లలో బోర్లు వేసిన చోట్లనే షకోవా బృందం మళ్లీ తవ్వి చూసి 2017లో ఫలితాలు ప్రచురించింది. గడ్డకట్టిన పొర పై అంచు సగటున ఏడాదికి 14 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగిందని తేలింది. ఇది బోర్లు వేసిన ఆ కొద్ది చోట్ల లెక్క. దీన్ని షెల్ఫ్ (ఒడ్డుకు ఆనుకుని లోతు తక్కువగా ఉన్న ఈ సముద్రపు అడుగు నేల) మొత్తానికీ పులమకూడదు.

ఇక గాలిలోకి చేరేది. 2010లో ‘సైన్స్’ పత్రికలో షకోవా బృందం ఏడాదికి సుమారు 80 లక్షల టన్నులు అని చెప్పింది. 2014లో బుడగలనూ తుపాన్లనూ కలుపుకొని 1 కోటి 70 లక్షల టన్నులు అంది. 2014 వేసవిలో స్వీడన్‌లోని స్టాక్‌హోం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బ్రెట్ థార్న్‌టన్ బృందం ‘ఒడెన్’ అనే మంచు చీల్చే ఓడ మీద లేజర్ పరికరంతో కొలిచి, 2016లో ప్రచురించిన వ్యాసంలో 29 లక్షల టన్నులకు మించదని తేల్చింది. ఒకే సముద్రానికి ఆరు రెట్ల తేడా. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకునే ముందు కొలిచే పద్ధతి చూడాలి.

నీటి నమూనాను లోతు నుంచి పైకి తెచ్చి గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపుతారు. మెర్క్యూరిక్ క్లోరైడ్ చుక్కలు వేసి సూక్ష్మజీవులను చంపకపోతే ల్యాబుకు చేరేలోగా అవి మీథేన్‌ను తినేస్తాయి, రీడింగ్ తక్కువ వస్తుంది. తర్వాత సీసాలో కొంత నీరు తీసి నైట్రోజన్ నింపి బాగా కుదిపి, పైకి వచ్చిన వాయువును వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు ఎక్కిస్తారు. దీంతో నీళ్లలో కరిగి ఉన్నది తెలుస్తుంది. అందులోంచి గాలిలోకి ఎంత పోతుందో లెక్క కట్టడానికి గాలి వేగం కావాలి. వాడుకలో ఉన్న సూత్రాల్లో ఆ వేగానికి వర్గం కడతారు. వేగం రెట్టింపైతే ఫలితం నాలుగు రెట్లు. తుపాను రోజు కొలతను ఏడాదంతటికీ చాపితే అంకె ఎంత ఉబ్బుతుందో చెప్పనక్కర్లేదు. ఇక బుడగలు సీసాకు చిక్కవు. వాటిని ధ్వని తరంగాలతో వెతికే సోనార్‌తో లెక్కించాలి. అవి ఎడతెగక లేచే చోట్లు చిన్న చిన్న మచ్చల్లా ఉంటాయి. ఆ మచ్చ మీద కొలిచి చుట్టుపక్కల వందల కిలోమీటర్లకు గుణిస్తే ఒక అంకె, ఓడ నడిచినంత మేరా కొలుచుకుంటూ పోతే మరో అంకె. మా అంచనాకు రెండోదే నమ్మదగినది, కానీ ఓడ వెళ్లింది వేసవిలో. మంచు కింద చలికాలమంతా పోగై మంచు విడిచేటప్పుడు బయటపడేదాన్ని అది సరిగా పట్టుకోలేదు.

ప్రపంచమంతటా ఏటా గాలిలో కలిసే మీథేన్ 58 కోట్ల టన్నుల దాకా ఉంటుంది. అందులో షకోవా పెద్ద అంకె కూడా మూడు శాతమే. వరి పొలాల వాటా ఒక్కటే 3 కోట్ల టన్నుల చిల్లర.

మరి బాంబు మాట ఎక్కడిది? 2013లో ‘నేచర్’ పత్రికలో ముగ్గురు రాసిన వ్యాసంలో 5,000 కోట్ల టన్నులు పదేళ్లలో బయటికి వస్తే ఆర్థిక నష్టం ఎంత అని లెక్క వేశారు. ‘వస్తే’ అన్న మాట వార్తల్లో ‘వస్తుంది’ అయి కూర్చుంది. అంత మీథేన్ ఇప్పుడు వాతావరణం మొత్తంలో ఉన్నదానికి పది రెట్లు. వాళ్లు చెప్పిన 2015-2025 గడువు గడిచిపోయింది. గాలిలో మీథేన్ పెరిగిన మాట నిజమే, అయితే ఐదారు శాతమే. మీథేన్ హైడ్రేట్ అనే, లోపల మీథేన్ చిక్కుకున్న మంచు గడ్డ నిలవాలంటే చలీ ఉండాలి, ఒత్తిడీ ఉండాలి. 50 మీటర్ల నీటి ఒత్తిడి దానికి చాలదు. ఆ షెల్ఫ్‌లో అది ఉంటే గింటే పర్మాఫ్రాస్ట్‌లో 200 మీటర్లకు దిగువనే. అంత లోతుకు పైవేడి దిగడానికి వందల ఏళ్లు పడుతుంది.

అయినా నిశ్చింతగా ఉండమని కాదు. ఆ షెల్ఫ్‌లోనే భాగమైన లాప్టెవ్ సముద్రంలో పైకి వస్తున్న మీథేన్‌లోని కార్బన్, హైడ్రోజన్ ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణువులను) పరీక్షించి 2021లో వచ్చిన పరిశోధన అది చాలా పాతదనీ, లోతైన నిల్వ నుంచి వస్తోందనీ తేల్చింది. ఇప్పుడిప్పుడే కరిగిన నేలలో కుళ్లి పుట్టింది కాదన్నమాట. గడ్డకట్టిన నేల మూతలా ఉండి, దానికి చిల్లులు పడితే కింది వాయువు రావడానికి పైమంచు కరిగే వేగంతో పనిలేదు. భయపడాల్సింది ఏదైనా ఉంటే ఇదే. దీని మీద ఒక్క వార్తా మా కంట పడలేదు.

సముద్రం మన చేతిలో లేదు గానీ, వరి పొలంలో పుట్టే మీథేన్ మన చేతిలో ఉంది. కరిగట్టు చేసి నీళ్లు నిలిపిన కొద్ది రోజులకే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది, సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి. ఎక్కువ భాగం వరి కాడల్లోని గాలి గొట్టాల గుండా బయటికి పోతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2019 మార్గదర్శకాల్లో దక్షిణాసియాకు ఇచ్చిన విలువ హెక్టారుకు రోజుకు 0.85 కిలోలు. నాటు వేసింది మొదలు నీళ్లు తీయకుండా ఉంచితే ఒక పంటకు ఎకరానికి 38 కిలోల పైచిలుకు, బరువులో చూస్తే వంట గ్యాస్ సిలిండర్లు రెండున్నర పైనే. మధ్యమధ్య ఆరబెడితే అది 21 కిలోలకు దిగుతుంది.

దానికి ఖర్చు పెద్దగా లేదు. అడుగు పొడవు, అరడుగు వెడల్పు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగమంతా చిల్లులు పెట్టి, గట్టుకు ఒక మీటరు దూరంలో సగం లోపలికి దింపాలి. లోపలి బురద తీసేయాలి. తీయకపోతే లోపలి మట్టం బయటి మట్టంతో కలవదు, కొలత తప్పుతుంది. నాటు వేశాక రెండు వారాలు కలుపు రాకుండా నీళ్లు నిలపాలి. ఆ తర్వాత గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్లు కట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఆరనివ్వకూడదు, తాలు పెరుగుతుంది. నల్లరేగడిలో 15 సెంటీమీటర్లు దాటి ఆరబెడితే నేల నెర్రెలిచ్చి, కట్టిన నీరంతా పగుళ్లలోకి దిగిపోతుంది. యూరియా నీళ్లు కట్టే ముందు తగుమాత్రంగా చల్లాలి. ఎక్కువైతే నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది, అది మీథేన్ కన్నా గట్టిది.

సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతును ఆరబెట్టమంటే వినడు, మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో నమ్మకం లేదు గనుక. అది న్యాయమే. బోర్ల కింద పరిస్థితి వేరు: ఉచిత కరెంటు, ఆటో స్టార్టర్, మోటారు దానంతటదే నడుస్తుంది, మడి ఎప్పుడూ నిండే ఉంటుంది. గొట్టం పెట్టాల్సింది మొదట అక్కడ. కొయ్యకాళ్ల సంగతీ ఉంది. వానకాలం వరి కోయగానే నేలలో పదును ఉండగానే దున్ని, యాసంగి నాటుకు నెల రోజులకు పైగా ఎడం ఇస్తే, నాటుకు ముందు బురదలో కలిపిన గడ్డి పెంచే మీథేన్‌లో ఐదో వంతే పెంచుతుందని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాల్చే పని కూడా తప్పుతుంది.

ఇట్లు,
కొందరు రసాయన, భూగోళ శాస్త్ర అధ్యాపకులు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా